పొద్దున బస్సు, పది గంటలకు క్లాసు

అమెరికాలో కాలేజీ చదువుతూ పసుపుపచ్చ స్కూలు బస్సు నడపడానికి చాలా రాష్ట్రాల్లో చట్టం అడ్డు చెప్పదు. రాష్ట్రం లోపల నడిపే కమర్షియల్ లైసెన్సు (సీడీఎల్) 18 ఏళ్లకే వస్తుంది. కొన్ని స్కూలు డిస్ట్రిక్టులు మాత్రం 21 నిండాలంటాయి. లైసెన్సు మీద ప్రయాణికుల వాహనానికి ‘పీ’, స్కూలు బస్సుకు ‘ఎస్’ అనే అదనపు అనుమతులు ఉండాలి. లెర్నర్ పర్మిట్ వచ్చాక కనీసం 14 రోజులు ఆగితే గానీ నడిపించి చూసే పరీక్ష పెట్టరు. 2022 ఫిబ్రవరి 7 నుంచి గుర్తింపు ఉన్న చోట శిక్షణ కూడా తప్పనిసరి. డ్రైవర్లు దొరకక చాలా డిస్ట్రిక్టులు ఆ ఖర్చు తామే భరిస్తున్నాయి.

ఈ ఉద్యోగం ఎంత బరువైనదో తెలియాలంటే డ్రైవరు రోజూ బండి తీసేముందు నింపే తనిఖీ కాగితం చూడాలి. ముందు టైర్లలో గాడి లోతు అంగుళంలో 32వ వంతులు నాలుగుకు తగ్గకూడదు, వెనక టైర్లలో రెండుకు తగ్గకూడదు. పసుపు లైట్లు, ఎర్ర లైట్లు, పక్కకు తెరుచుకునే స్టాప్ బోర్డు పనిచేయాలి. అత్యవసర ద్వారం గడియ తీస్తే బజర్ మోగాలి.

ఎయిర్ బ్రేకుల వంతు వచ్చేసరికి పరీక్ష మరీ కఠినం. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోవాలి. ఆ నిమిషంలో గాలి పీడనం 3 పీఎస్‌ఐకి మించి తగ్గకూడదు. తర్వాత పెడల్‌ను తొక్కుతూ వదులుతూ పోతే సుమారు 60 దగ్గర హెచ్చరిక మోగాలి. ఇంకా దించితే 20, 45 మధ్య పార్కింగ్ బ్రేకు నాబ్ తనంతట తానే బయటికి తన్నుకు రావాలి. లైసెన్సు పరీక్షలో ఈ బ్రేకు తనిఖీ సరిగ్గా చేసి చూపకపోతే ఫెయిలే. యాభై, అరవై మంది పిల్లల్ని ఎక్కించుకునే బండి గురించి ఇంత వివరంగా అడిగే కాగితం ఏ పాఠ్యపుస్తకానికీ తీసిపోదు.

దారిలోనూ అదే పద్ధతి. రైలు పట్టాలకు 15 నుంచి 50 అడుగుల మధ్య బస్సు ఆపి, పిల్లల్ని నిశ్శబ్దంగా ఉండమని చెప్పి, తలుపు, పక్క కిటికీ తెరిచి చెవి ఒగ్గి వినాలి. ట్రిప్పు అయ్యాక చివరి సీటు దాకా నడిచి, నిద్రపోయి మిగిలిపోయిన పిల్లలెవరైనా ఉన్నారేమో చూడాలి. చాలా బస్సుల్లో వెనక ఉన్న బటన్ నొక్కితే గానీ అలారం ఆగదు.

ఇక చదువు సంగతి. పొద్దున ట్రిప్పు దాదాపు ఆరు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం ట్రిప్పు రెండు నుంచి నాలుగున్నర వరకు. మధ్యలో పదింటికి, పన్నెండింటికి ఉన్న క్లాసులు హాయిగా అందుతాయి. మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే ల్యాబ్ మాత్రం కుదరదు. మంచు పడి స్కూలు రెండు గంటలు ఆలస్యంగా తెరిస్తే పది గంటల క్లాసు పోయినట్టే. కాలేజీ సెలవులు, స్కూలు సెలవులు ఎప్పుడూ ఒకేసారి రావాలని లేదు. వేసవిలో స్కూలు ఉండదు కాబట్టి చాలామందికి జీతమూ ఉండదు. రాత్రి రెండు దాకా చదివి తెల్లవారుజామున స్టీరింగు పట్టడం పిల్లల ప్రాణాలతో ఆడుకోవడమే. గంజాయి చట్టబద్ధమైన రాష్ట్రంలో ఉన్నా సీడీఎల్ డ్రైవరుకు అది నిషిద్ధం. ఎప్పుడైనా పరీక్షకు పిలుస్తారు.

చరిత్ర క్లుప్తంగా: 1939లో ఫ్రాంక్ సైర్ కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో పిలిచిన సమావేశంలో పసుపు రంగు ఖాయమైంది. ఉత్తర, దక్షిణ కరోలినాల్లో దశాబ్దాలపాటు హైస్కూలు విద్యార్థులే బస్సులు నడిపారు. 17 ఏళ్లవారికి ఉన్న మినహాయింపును సమాఖ్య కార్మిక శాఖ ఎత్తేయడంతో 1988లో ఆ పద్ధతి ముగిసింది.

మన పిల్లలకు వీలుందా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ట్రాన్స్‌పోర్ట్ వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. స్కూలు బస్సుకైతే హెవీ వాహనం నడిపిన అనుభవం కూడా అడుగుతారు. అందుకే ఇక్కడ ఇది విద్యార్థుల ఉద్యోగం కాలేదు. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదువుతున్న తెలుగు విద్యార్థులు మామూలుగా క్యాంపస్ బయట పనిచేయకూడదు. క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే అనుమతి. కాబట్టి స్కూలు డిస్ట్రిక్టు బస్సు వారికి కుదరదు. డేవిస్‌లో యూనిట్రాన్స్, ఆమ్‌హర్‌స్ట్‌లో యూమాస్ ట్రాన్సిట్ లాంటి క్యాంపస్ సర్వీసుల్లో విద్యార్థులే డ్రైవర్లు. అలాంటి చోట దరఖాస్తు పెట్టే ముందు యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని తప్పకుండా అడగండి.