పెరటి కోళ్ల దొడ్డిలో దుమ్ము: తగ్గించు మార్గములు

గ్రామ పంచాయతీ సభ్యుల యొద్దకు వచ్చు తగవులలో గట్టు తగవులు, మురుగుకాల్వ తగవులు పెద్దవి. కోళ్ల తగవులు చిన్నవి. అయినను ఎండకాలమున ఒక ఇంటి కోళ్లదొడ్డి నుండి లేచిన దుమ్ము ప్రక్కయింటి వంటపాకలోనికి, ఆరవేసిన బట్టల మీదికి, ఉయ్యాలలోని పసిబిడ్డ మీదికి పోయినపుడు, ఆ చిన్న తగవే రెండు కుటుంబముల నడుమ మాటలు లేకుండ చేయును. కోళ్లను తీసివేయుడని తీర్పు చెప్పుట సులభము. కాని పది కోళ్ల గ్రుడ్లమ్మి ఇంటి చిల్లర ఖర్చులు గడుపుకొను ఇల్లాలికి ఆ తీర్పు న్యాయము కాదు. కోళ్లు ఉండవలెను, దుమ్ము తగ్గవలెను. ఈ రెండును ఒకచోట సాధ్యమే యని తెలుపుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇది పంచాయతీ పని కాదని ఎవరును తలపరాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములున్నవి. వానిలో నాలుగవది పశుపోషణ, పాడి, కోళ్ల పెంపకము.

దుమ్ము ఎక్కడ పుట్టును?

కోడి సహజముగా నేలను గీరును. కొలది వారములలోనే దొడ్డిలోని గడ్డి యంతయు పోయి నేల బోడిదగును. ఆ నేలపై రెట్ట పడి, ఎండి, కాళ్లక్రింద నలిగి పొడియగును. దానికి ఈకల నుండి రాలు పొట్టు, పొడిగా చల్లిన తవుడు తోడగును. కనుక కోళ్లదొడ్డి దుమ్ము వట్టి మట్టి కాదు. అందులో రోగబీజములు, బూజు కణములు కూడ నుండును. మిక్కిలి సన్నని రేణువులు గాలిలో చాలసేపు తేలియాడి ఊపిరితిత్తుల లోపలికి చొచ్చును. కోళ్లకు తుమ్ములు, గురక వచ్చును. ప్రతి ఉదయము వంగి ఊడ్చు స్త్రీకి దగ్గు, ఆయాసము కలుగును. ఉబ్బసము గలవారికి బాధ హెచ్చును.

నేలనుబట్టి దుమ్ము స్వభావము మారును. తెనాలి ప్రాంతపు కాలువ క్రింది నల్లమట్టి వానకు బురదయై, వేసవిలో బీటలువారి, కోడి కాలు తగిలినంతనే పొడియగును. బాపట్ల దాటి సముద్రము వైపునకు పోయినకొలది ఇసుకనేలలు వచ్చును. ఇసుక బరువైనందున అంతగా లేవదు గాని, దానిలో కలిసిన ఎండురెట్ట లేచును. కృష్ణ సముద్రమున కలియు దిక్కునగల రేపల్లె ప్రాంతమున ఒండ్రుమట్టి మెత్తనిది; గాలికి సులభముగా లేచును. కాలువలు కట్టివేసిన వేసవి దినములలో పడమటిగాలి వీచునపుడు ఈ మూడుచోట్లను బాధ అధికమగును.

నీళ్లు పోయుట ఒక్కటే చాలదు

దుమ్ము లేచినంతనే బిందెలతో నీళ్లు క్రుమ్మరించుట పలువురి అలవాటు. ఇది ఒక చెడుగును పోగొట్టి మరియొక చెడుగును తెచ్చుటయే. రెట్ట తడిసి మురిగినచో ఘాటైన అమ్మోనియా వాయువు పుట్టి కోళ్ల కండ్లను, శ్వాసనాళములను పాడుచేయును. తడినేలలో రక్తపారుడు రోగము ప్రబలును. మంచినీరు కరవైన వేసవిలో నీటిని వృథా చేయుటయు తగదు.

నేలను కప్పుట మొదటి పని. దొడ్డిలో రెండు మూడంగుళముల మందమున వరి ఊకగాని, తరిగిన ఎండుగడ్డిగాని పరువవలెను. నల్లమట్టి నేలయైనచో ముందుగా ముతక ఇసుక పొర వేయుట మేలు. బాపట్ల వైపు వేరుసెనగ పొట్టు దొరకును. అయితే అది బాగుగా ఎండినదై యుండవలెను. బూజు పట్టిన పొట్టు, గడ్డి కోళ్ల ఊపిరితిత్తులకు హానికరములు.

ఊకలో తడి తగుమాత్రముగా నున్నదో లేదో తెలిసికొనుటకు ఒక పిడికెడు తీసి గట్టిగా నొక్కి, చేయి విప్పి చూడవలెను. ముద్దగా నిలిచినచో తడి ఎక్కువ. వ్రేళ్లసందులనుండి పొడిగా జారినచో తడి తక్కువ. కొంచెము అంటుకొని వెంటనే విడిపోయినచో సరిపోయినదని గ్రహింపవలెను. పొడిగానున్న చోట్ల మాత్రమే చిలకరించిన చాలును.

మన స్త్రీలు వాకిట కళ్లాపి చల్లుదురు. ఆ మంచి ఆచారమునే కోళ్లదొడ్డికిని అన్వయింపవలెను: వట్టినీరు పలుచగా చిలకరించి, ముక్కునకు గుడ్డ కట్టుకొని, పిమ్మట ఊడ్వవలెను. గూటిలో రాత్రి పడిన రెట్టను ఎండకముందే తీసి, పెంటగోతిలో వేసి మట్టి కప్పినచో, చివికిన తరువాత కూరపాదులకు మంచి ఎరువగును. తవుడును కొంచెము నీటితో పొడిపొడిగా కలిపి, ఒకపూటకు సరిపోవునంతయే పెట్టవలెను, మిగిలినది పులియును.

చోటు చాలనిచో ఈ జాగ్రత్తలన్నియు వ్యర్థములగును. దొడ్డిలో కోడి యొక్కంటికి సుమారు 10 చదరపుటడుగులు ఉండుట మంచిది. వీలైనచో దొడ్డిని తడికతో రెండుగా విభజించి, ఒక భాగమున కోళ్లను విడిచి, రెండవ భాగమున గడ్డిని మొలవనీయవలెను. పడమటి ప్రక్క తాటియాకుల దడి కట్టి, మునగ, అవిసె చెట్లను పెంచినచో గాలి తగ్గి నీడ కలుగును.

కోడికి తన దుమ్ము కావలెను

దుమ్మును తగ్గింపుమన్నామని కోడికి దుమ్ము బొత్తిగా లేకుండ చేయరాదు. కోడి పొడిమట్టిలో పొర్లి తన ఈకలను శుభ్రము చేసికొనును. ఆ పొర్లుటవలన పేలు తగ్గును. కనుక కప్పు క్రింద ఒక మూల, ఇరుగుపొరుగు ఇండ్లకు ఎడముగా, రెండడుగుల చదరమున అరయడుగు లోతున గుంట చేసి పొడి ఇసుక, కొంచెము కట్టెబూడిద కలిపి నింపవలెను. దుమ్ము దొడ్డి యంతటను ఉండుటకు మారుగా ఒక్కచోట ఉండును.

పంచాయతీ చేయదగినది

కొక్కెర తెగులునకు టీకా తప్పనిసరి. దుమ్ము తగ్గినంత మాత్రమున టీకా మానరాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ కనిపించిన సంగతి సభ్యులకు తెలిసినదే. కోళ్లు ఒక్కసారిగా చనిపోయినచో ఆ దొడ్డిని ఊడ్వక, కళేబరములను చేతితో తాకక, పశువైద్యశాలకు వెంటనే తెలుపవలెను.

గ్రామములోని ధాన్యపు మిల్లులనుండి ఊకను పేదకుటుంబములకు చౌకగా ఇప్పించుట, టీకాల దినమును ముందుగా చాటించుట, క్రొత్తగా గూడు కట్టువారిని పొరుగింటి వంటపాకకు, బావికి దూరముగా కట్టుకొమ్మని నచ్చజెప్పుట పంచాయతీకి అసాధ్యములు కావు. అన్నిటికన్న ముందు సభ్యులలో ఒకరు తమ పెరటిలోనే ఈ పద్ధతిని ఆచరించి, గ్రామసభనాడు నలుగురికి చూపవలెను. పదిమార్లు చెప్పిన మాటకన్న ఒక్కమారు కంటికి కనబడిన దొడ్డి ఎక్కువ నమ్మకము కలిగించును. అప్పుడు తగవుతో వచ్చిన పొరుగువారును ఊకబస్తా యెక్కడ దొరకునని అడుగుదురు.