విద్యార్థులు – విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రము

మన ఆర్మూర్ ప్రాంతపు విద్యార్థి డిగ్రీ ముగించి పై చదువుకు బయలుదేరితే సాధారణంగా రెండు దారులు కనబడతాయి. ఒకటి డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం, రెండవది హైదరాబాదులోని ఉస్మానియా. 2006లో డిచ్‌పల్లిలో విశ్వవిద్యాలయం ఏర్పడేంతవరకు మన జిల్లా డిగ్రీ కళాశాలలకు ఉస్మానియాయే పెద్దదిక్కు. ఎటు పోయినా పెట్టె సర్దడం ఒకటే తీరు. మామిడికాయ తొక్కు సీసా, చెద్దరు, పుస్తకాలు, ఓ మూలన అమ్మ కట్టిన పసుపు పొట్లం. దుబాయిలోనో మస్కట్‌లోనో నాయనో అన్నో ఉన్న ఇల్లయితే అక్కడినుంచి వచ్చిన పనడాల్ గోలీల డబ్బా, యాక్స్ ఆయిల్ సీసా కూడా చేరతాయి. అన్ని జాగ్రత్తలూ చెప్పి బస్సెక్కిస్తారు గాని, “క్యాంపస్‌లో ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో చూసుకో బిడ్డా” అని చెప్పేవారు అరుదు.

కావున చాలామంది విద్యార్థులకు హెల్త్ సెంటరు అంటే అటెండెన్సు తక్కువ పడ్డప్పుడు సర్టిఫికెటు ఇచ్చే ఒక ఆఫీసు. పరీక్ష ఫీజు కట్టే వారంలో అక్కడ కనిపించే రద్దీ జ్వరాల కాలంలో కనిపించదు! లేని రోగానికి సర్టిఫికెటు రాయడం డాక్టరుకు వృత్తిరీత్యా నేరం. అడిగేవారికి అది తెలియదు, తెలిసినా అడుగుతారు. ఆ వరుసలో నిజంగా కడుపునొప్పితో నిలబడ్డ పిల్లవాడు మాత్రం విసిగి వెళ్ళిపోతాడు.

ఈ ఏర్పాటు ఎక్కడిది? అమెరికాలోని ఆమ్హెర్‌స్ట్ కళాశాల 1861లో విద్యార్థుల ఆరోగ్యం, వ్యాయామం కోసం ఒక వైద్యుని కింద ప్రత్యేక విభాగమే పెట్టింది. 1906లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం విద్యార్థులందరి నుంచి కొద్ది రుసుము తీసుకొని అందరికీ వైద్యం అందించే పద్ధతి మొదలుపెట్టింది. మన దేశంలో కలకత్తా విశ్వవిద్యాలయం 1920 నుంచి విద్యార్థులకు వైద్య పరీక్షలు జరిపింది. స్వాతంత్య్రం వచ్చాక సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషను, విద్యార్థులకు చేరేటప్పుడూ, తరువాత ఏడాదికొకసారీ ఉచిత వైద్య పరీక్ష జరగాలని సూచించింది. అనగా హెల్త్ సెంటరు ఎవరో దయతలచి పెట్టిన ధర్మ దవాఖాన కాదు. గ్రంథాలయం ఎట్లాగో అదీ అట్లాగే, చదువులో భాగం. గ్రంథాలయంలోకి పోవడానికి మనం మొహమాటపడతామా?

అక్కడ దొరికేదేమిటో, దొరకనిదేమిటో ముందే తెలిసుంటే నిరాశ ఉండదు. ఒక డాక్టరు, నర్సు, మామూలు మందులు, కట్టు కట్టే గది, చాలాచోట్ల ఉన్నది ఇంతే. ఆపరేషన్లు, స్కానింగులు ఉండవు. కొన్నిచోట్ల రాత్రిపూట డాక్టరు కూడా ఉండడు. వేళలు తలుపు మీద రాసి ఉంటాయి, చేరిన వారంలోనే చూసిపెట్టుకోవాలి. “అక్కడేముంది, గవే నాలుగు గోలీలు” అని సీనియర్లు పెదవి విరుస్తారు. నిజమే, గోలీలు నాలుగే. కాని ఆ కేంద్రపు అసలు విలువ గోలీలలో లేదు. మిమ్మల్ని సోమవారం చూసిన మనిషే గురువారం మళ్ళీ చూస్తాడు, మధ్యలో ఏం మారిందో పోల్చుకుంటాడు. మందుల దుకాణంలో గాని, సందు చివరి ఆరెంపీ దగ్గర గాని దొరకనిది ఆ పోలికే.

వానాకాలపు జ్వరాన్నే తీసుకోండి. హాస్టల్లో ఒకడికి ఒళ్ళు కాలుతున్నది, కళ్ళ వెనుక నొప్పి, ఒళ్ళంతా విరిచినట్టున్నది. పక్క గది అన్న, “ఏం గాదురా, ఒక సూది ఏయించుకో, పొద్దటికల్లా తగ్గుతది” అంటాడు. సూది పడుతుంది, తగ్గుతుంది కూడా. కాని అది డెంగీ అయితే? డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటి నొప్పి మందులు డెంగీలో రక్తస్రావానికి దారితీయవచ్చు. ఇంతకంటె మోసకరమైన సంగతి ఇంకొకటి ఉంది. డెంగీలో ప్రమాదం జ్వరం మండుతున్నప్పటి కంటె అది తగ్గే వేళలో ఎక్కువ. మూడవ రోజు నుంచి ఏడవ రోజు లోపల ఒళ్ళు చల్లబడగానే “నయమైంది” అని క్లాసుకో, ఊరికో బయలుదేరతారు. రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరి బీ.పీ. పడిపోయేది సరిగ్గా ఆ ఒకటి రెండు రోజుల్లోనే. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, మత్తుగా పడి ఉండడం, చేతులు కాళ్ళు చల్లబడడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రి రెండు గంటలైనా సరే వార్డెనును లేపాలి, 108కి ఫోను చేయాలి. తెల్లవారనీ అనుకోకూడదు. మొదటిరోజే హెల్త్ సెంటరుకు పోయి ఉంటే డాక్టరు రక్తపరీక్షకు పంపి, “జ్వరం తగ్గిన రోజున మళ్ళీ కనబడు” అని చెప్పి ఉండేవాడు. ఆ ఒక్క మాటకు ఎంత విలువో!

జ్వరానికి పారాసిటమాల్ మంచి మందే. మన వాళ్ళకు ఎదురయ్యే చిక్కు వేరే ఉంది. నాయన పంపిన పనడాల్ పారాసిటమాలే. దుకాణంలో ఇచ్చే డోలో కూడా పారాసిటమాలే. జలుబు గోలీల్లో కూడా చాలావాటిలో అదే కలిసి ఉంటుంది. మూడు పేర్లు చూసి మూడు మందులనుకొని మూడూ మింగితే దెబ్బ కాలేయానికి. పెద్దవారికైనా రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, అనగా 650 మిల్లీగ్రాముల గోలీలు ఆరు వేసుకుంటేనే హద్దు దాకా వచ్చినట్టు.

అందుకే డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం చెప్పాలన్నది కూడా ఒక విద్య. “తెల్లగోలీ వేసుకున్న సార్” అంటే ఆయనకేం తెలుస్తుంది? తెల్లగోలీలు వెయ్యి రకాలు. వాడిన మందుల పట్టీలు జేబులో వేసుకొని పోండి. నొప్పి ఎన్నాళ్ళ నుంచి, జ్వరం ఏ పూట వస్తున్నది, ఏ మందు పడదు, ఇంట్లో షుగరో ఆస్తమావో ఎవరికైనా ఉందా, ఇవి చెప్పండి. ఆరెంపీ దగ్గర సూది వేయించుకుంటే అదీ చెప్పండి. తిడతారని దాచకండి. తిట్టినా తిట్టనివ్వండి, వైద్యం సరిగా జరుగుతుంది. యాంటీబయాటిక్ రాస్తే ఎన్ని రోజులని రాశారో అన్ని రోజులూ వాడాలి. మిగిలిన గోలీలు రూమ్మేటుకు దానం చేయడం స్నేహధర్మం కాదు.

పసుపు సంగతి చెప్పకపోతే ఆర్మూర్ వాళ్ళు ఒప్పుకోరు. తవ్వకాలు, ఉడకబెట్టడం, ఆరబెట్టడం జరిగే రోజుల్లో సెలవులకు ఇంటికి పోయిన విద్యార్థి కూడా చేనులో దిగవలసిందే. పారకో కత్తికో కాలు తెగితే వెంటనే పిడికెడు పసుపు అద్దుతారు. పసుపులో సూక్ష్మక్రిములను అణచే గుణం కొంత ఉన్నమాట నిజమే, ప్రయోగశాలల్లోనూ చూశారు. కాని కళ్ళం మీద ఆరిన పసుపు శుద్ధమైన మందు కాదు, మట్టి అంటినది. ధనుర్వాతపు క్రిమి ఉండేది మట్టిలోనే. ముందు ధారగా పడే నీళ్ళతో, సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, అదే రోజు దవాఖానకు పోయి ధనుర్వాతం టీకా అవసరమో కాదో అడగాలి. పాలలో పసుపు కలుపుకొని తాగండి, కాదనేవారెవరు!

డిచ్‌పల్లి పేరు చెబితే మన తాతలకు విశ్వవిద్యాలయం గుర్తుకు రాదు, కుష్ఠురోగుల దవాఖాన గుర్తుకొస్తుంది. స్కాట్లండు నుంచి వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్ 1915లో అక్కడ ఆ కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ కాలంలో వైద్యమంటే చాల్ముగ్ర నూనె సూదులు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసిన తరువాత ఆరు నెలల నుంచి ఏడాదిలో నయమయ్యే జబ్బయింది. అయినా స్పర్శలేని మచ్చను చొక్కా కింద దాచుకొని తిరిగేవారు నేటికీ ఉన్నారు. క్షయ కథ కూడా ఇంతే. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, తగ్గిపోతున్న బరువు, ఇవి ఉన్నా హాస్టల్లో వెలివేస్తారని నోరు విప్పరు. ఇరుకు గదిలో నలుగురు పడుకునే చోట ఆ మౌనం మిగతా ముగ్గురికీ ప్రమాదమే. తెమడ పరీక్ష ప్రభుత్వ దవాఖానలో ఉచితం. మామూలు క్షయకు మందులు ఆరు నెలలు, అవీ ఉచితం. పోషణ కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు.

“డాక్టరు ప్రిన్సిపాలుకు చెప్పేస్తే?” అన్న భయం అందరిదీ. రోగి చెప్పిన సంగతి బయటపెట్టకపోవడం వైద్యుని విధి. క్షయ అని తేలితే 2012 నుంచి ఆరోగ్యశాఖకు తెలియజేయడం తప్పనిసరి అయింది గాని, అది చికిత్స కోసం, నోటీసు బోర్డు కోసం కాదు.

ఆడపిల్లలు మరీ దాస్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నది. మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో కునుకు, వీటిని బద్ధకమని లెక్చరర్లమే తిడుతుంటాం. నెలసరిలో మంచం దిగలేనంత నొప్పి, రోజుల తరబడి రక్తస్రావం మామూలు విషయం కాదు, డాక్టరుకు చెప్పవలసిందే. లేడీ డాక్టరు వచ్చే రోజేదో అడగండి. అటువంటి రోజే లేకపోతే విద్యార్థి సంఘం పట్టుబట్టి అడగవలసిన మొదటి కోరిక అదే.

ఇక మనసు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఇళ్ళను తలచుకుంటే కలం ఆగుతుంది. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతికి ఏం లాభం అనిపించడం కూడా హెల్త్ సెంటరులో చెప్పదగిన బాధలే. “తలనొప్పి సార్” అని మొదలుపెట్టినా ఫరవాలేదు, తరువాత అసలు మాట చెప్పండి. అర్ధరాత్రి అయితే 14416. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ అది. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. మిత్రుడెవరైనా అట్లాంటి మాట అంటే నవ్వి వదిలేయకండి, ఒంటరిగా వదలకండి, వెంట తీసుకుపోండి. పోలీసు కేసవుతుందని దాచవలసిన పనీ లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలన్నది, శిక్ష కాదు, సంరక్షణ కల్పించాలన్నది.

ఆర్మూర్‌లోనే ఉండి చదివేవారికి ఇవన్నీ ఎక్కడ అనవచ్చు. అనుబంధ కళాశాల విద్యార్థికి క్యాంపస్ డాక్టరు అందడు, నిజమే. వారికి ఊళ్ళోని ప్రభుత్వ ఆసుపత్రే హెల్త్ సెంటరు. ఉదయం ఓ.పీ. చీటీ రాయించుకోవాలి, వరుసలో నిలబడాలి. ఇచ్చిన చీటీ పారేయకుండా రెండోసారి అదే పట్టుకుపోతే అక్కడా ఆ పోలిక కుదురుతుంది. కళాశాలకు నెలకొకసారైనా ఒక డాక్టరును పిలిపించడం సంఘానికి అసాధ్యమైన పని కాదు, వార్షికోత్సవపు మైకుసెట్టుకు అయ్యేంత ఖర్చు కూడా కాకపోవచ్చు.

చేరబోయేవారికి మరొకటి. ఏ జబ్బూ లేనప్పుడే ఒకసారి హెల్త్ సెంటరుకు పోయి రండి. ఎత్తు, బరువు, బీ.పీ., రక్తం గ్రూపు, పడని మందులు, ఇంటి ఫోను నంబరు ఒక కార్డు మీద రాయించండి. పావుగంట పని. జ్వరంతో తూలుతూ పోయిన రోజున ఆ కార్డు ముందు పెడితే సగం ప్రశ్నలకు మీరు జవాబు చెప్పనక్కరలేదు.