పరాయి ఇంట్లో పది నెలలు

“డబ్బు తీసుకోకుండా పరాయి పిల్లను పది నెలలు ఇంట్లో పెట్టుకునేవాళ్లు ఈ లోకంలో ఎవరుంటారు అక్కయ్యగారూ?”

మా వీధి చివర ఉండే ఒక తల్లి ఆ మధ్య ఒక సాయంత్రం నన్నడిగిన ప్రశ్న ఇది. మాది ఇబ్రహీంపట్నం. ఆమె భర్త ఇక్కడి థర్మల్ స్టేషనులో కాంట్రాక్టు పని చేస్తాడు. పదిహేనేళ్ల కూతురు గురుకుల పాఠశాలలో చదువుకుంటున్నది. విదేశంలో ఒక కుటుంబంతో ఉంటూ అక్కడి బడిలో చదివే కార్యక్రమానికి దరఖాస్తు పెట్టుకోమని టీచర్లు ఆ పిల్లకు చెప్పారట. ఆ కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని తెచ్చింది. పిల్ల ఎగిరి గంతులు వేస్తున్నది. తండ్రి మాట్లాడటం లేదు. తల్లికి నిద్ర లేదు.

కాగితాలు చదివి చెప్పాను. విమానం ఖర్చు వాళ్లదే, బడి ఫీజు వాళ్లదే. ఉండేది మాత్రం ఒక మామూలు ఇంట్లో. ఆ ఇంటివాళ్లకు ఎవరూ జీతం ఇవ్వరు. అక్కడే ఆమెకు అనుమానం వచ్చింది. ఊరకే ఎవరూ అన్నం పెట్టరని ఆమె జీవితం ఆమెకు నేర్పింది. ఇళ్లలో పనికి పెట్టుకుంటామని తీసుకుపోయి ఆడపిల్లల్ని ఏం చేస్తారో మనం వినలేదా? ఆమె భయం అజ్ఞానం కాదు. దానికి సరైన జవాబు చెప్పాలంటే నాకూ కొంత చదవవలసి వచ్చింది. ఆ చదివినది మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

పాఠకులారా, ఈ పద్ధతి పుట్టింది బడిలో కాదు, యుద్ధభూమిలో. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా 1915లో పియాట్ ఆండ్రూ అనే అమెరికన్ ఫ్రాన్సులో ఒక అంబులెన్సు దళాన్ని ఏర్పాటు చేశాడు. దాని పేరు అమెరికన్ ఫీల్డ్ సర్వీస్. మూడు అక్షరాల్లో ఏ.ఎఫ్.ఎస్. కాలేజీ కుర్రాళ్లు చదువు మధ్యలో ఆపి వచ్చి, జీతం లేకుండా గాయపడిన సైనికులను బండ్లలో మోశారు. రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఆ దళం మళ్లీ బయలుదేరింది. ఆఫ్రికా ఎడారిలో, ఇటలీలో పనిచేసింది. మన దేశపు తూర్పు సరిహద్దులో, బర్మా అడవుల్లో కూడా బ్రిటిష్ సైన్యం వెంట ఉండి, గాయపడిన మన భారతీయ సైనికులను మోసింది. ఈ సంగతి మనలో ఎందరికి తెలుసు?

యుద్ధం ముగిశాక ఆ డ్రైవర్లు కూర్చుని ఆలోచించారు. రెండుసార్లు శవాలను మోశాం, మూడోసారి కూడా మోయాలా? వాళ్ల నాయకుడు స్టీఫెన్ గలాటి మొదటి యుద్ధంలో తానూ ఆ దళంలో పనిచేసినవాడే. అతని ఆధ్వర్యంలో 1947లో వివిధ దేశాల నుంచి యాభై మందికి పైగా హైస్కూలు విద్యార్థులను అమెరికాకు తెచ్చి కుటుంబాల్లో ఉంచారు. పెద్దవాళ్ల మనసులు మార్చటం కష్టం, పదహారేళ్ల పిల్ల ఒక ఇంటి వంటగదిలో ఏడాది తిరిగితే ఆ ఇంటి దేశం మీదికి తుపాకీ ఎత్తమనటం ఆ పిల్లకు కష్టమవుతుంది. వాళ్ల లెక్క ఇంతే. ఏ.ఎఫ్.ఎస్. వాళ్లు ఎన్నో ఏళ్లు వాడుకున్న నినాదం, కలిసి నడవండి, కలిసి మాట్లాడండి అనే అర్థంలో, ఒక పాత సంస్కృత సూక్తి నుంచి తీసుకున్నదని చెప్పుకుంటారు. మన ఇంటి మాట అంత దూరం పోయి పరదేశి వేషంలో మనకే తిరిగి వచ్చిందన్నమాట.

ఇంట్లోనే ఎందుకు ఉంచాలి? హాస్టలు చాలదా? ఈ ప్రశ్నకు జవాబు ఇంకా ముందే ఒకాయనకు దొరికింది. 1932లో డొనాల్డ్ వాట్ అనే అమెరికన్ కొందరు కుర్రాళ్లను ఐరోపాకు తీసుకుపోయి అక్కడి కుర్రాళ్లతో కలిపి ఒక క్యాంపులో ఉంచాడు. అనుకున్నంత ఫలితం రాలేదు. ఆ తరువాత క్యాంపు వదిలిపెట్టి ఒక్కొక్కరిని ఒక్కొక్క కుటుంబంలో ఉంచటం మొదలుపెట్టాడు. ‘ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇంటర్నేషనల్ లివింగ్’ అనే సంస్థ అలా నిలబడింది. హాస్టళ్లలో చదివిన మనకు ఇది వింత కాదు. గుంపుగా పోయినవాళ్లు గుంపుగానే తిరిగి వస్తారు.

సంఘాల పాత్ర కూడా ఇందులో చిన్నది కాదు. చర్చ్ ఆఫ్ ది బ్రెద్రెన్ అనే చిన్న సంఘం ఒకటున్నది. 1708లో జర్మనీలో పుట్టి అమెరికాకు వలసపోయింది. ఆయుధం పట్టరాదని నమ్మే సంఘం. మన దేశంలో 1894 నుంచి గుజరాత్ ప్రాంతంలో సేవ చేసింది కూడా. డాన్ వెస్ట్ అనే ఆ సంఘస్థుడే, ఆకలిగా ఉన్నవాళ్లకు గ్లాసుడు పాలు ఇచ్చి ఊరుకోకుండా ఆవునే ఇద్దామని పట్టుబట్టినవాడు. ఆ పని 1944లో ఓడలో పెయ్యలను పంపించటంతో మొదలైంది. అదే సంఘం 1949లో ఇంకా ధైర్యమైన పని చేసింది. హిట్లరు కాలంలో పెరిగిన జర్మన్ యువతీయువకులను తమ సంఘస్థుల ఇళ్లకు తెచ్చుకున్నది. యుద్ధం ముగిసి అప్పటికి నాలుగేళ్లు. ఒక్కసారి ఆలోచించండి. కొడుకును జర్మన్ల చేతిలో పోగొట్టుకున్న ఇల్లు పక్కవీధిలో ఉంటుంది. వీళ్లింట్లో జర్మన్ కుర్రాడు భోజనానికి కూర్చుంటాడు. ఇరుగుపొరుగు ఏమని ఉంటారు? ఆ ప్రయత్నమే 1957లో ఇతర సంఘాలను కూడా కలుపుకుని ‘ఇంటర్నేషనల్ క్రిస్టియన్ యూత్ ఎక్స్చేంజ్’గా పెరిగింది. దాని కేంద్రం తరువాత బెర్లినుకే చేరింది. మన దేశంలో ఆ పని బెంగుళూరు నుంచి జరిగింది.

రోటరీ క్లబ్బుల వారి మార్పిడి వేరే ఉన్నది. మన విజయవాడ క్లబ్బులున్న 3020 డిస్ట్రిక్టు పేరు పత్రికల్లో చూస్తూనే ఉంటాం. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత, 2002లో అమెరికా ప్రభుత్వం కెనడీ, లూగర్ అనే ఇద్దరు సెనేటర్ల చొరవతో ‘యస్’ అనే స్కాలర్‌షిప్పు పెట్టింది. ముస్లిములు ఎక్కువగా ఉన్న దేశాల పిల్లలను అమెరికన్ ఇళ్లలో ఉంచటం దాని మొదటి ఉద్దేశం. తరువాత మన దేశం నుంచి అన్ని మతాల పిల్లలూ వెళ్లారు. ఆంధ్రప్రదేశ్ సంక్షేమ గురుకులాల పిల్లలు కొందరు 2022లో అలా వెళ్లినప్పుడు పత్రికల్లో చదివి నేను సంతోషించాను. కూలి చేసుకునేవారి పిల్లలు, పాస్‌పోర్టు ఎలా ఉంటుందో ఇంట్లో ఎవరూ చూడని పిల్లలు.

ఇదంతా చెప్పాక ఆమె ఒకటే అడిగింది. “ఆ ఇల్లు మంచిది కాకపోతే?”

మంచి ప్రశ్న. ఇక్కడే వాలంటీర్ల పని మొదలవుతుంది. ఏ.ఎఫ్.ఎస్. వంటి సంస్థల్లో జీతగాళ్లు కొద్దిమంది. భారమంతా ఊరూరా ఉండే వాలంటీర్లది. వాళ్లు ఆ ఇంటికి ముందే వెళ్లి చూస్తారు. ఇంట్లో అందరితో మాట్లాడతారు. పిల్ల పడుకునే చోటు చూస్తారు. ఆ కుటుంబానికి సంబంధం లేని ఒక మనిషిని పిల్లకు విడిగా అప్పజెబుతారు. నెలనెలా పలకరించటం, పిల్ల ఏడిస్తే వినటం ఆ మనిషి పని. కుదరకపోతే ఇల్లు మారుస్తారు. ఇల్లు మారటం తప్పు చేసినట్లు కాదని పిల్లకు బయలుదేరకముందే చెబుతారు. ఇది తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవలసిన మాట. మన పిల్లలు అత్తవారింట్లో సర్దుకుపోయినట్లు అక్కడా నోరు మూసుకుని సర్దుకుపోదామనుకుంటారు. ఏదైనా తేడా వస్తే ఎవరికి ఫోను చెయ్యాలో, ఆ నంబరు పిల్ల చేతికి వచ్చిందో లేదో, తల్లి ముందే అడగాలి. సిగ్గుపడకూడదు.

మతం సంగతి కూడా ఆమె అడిగింది, గొంతు తగ్గించి. వాళ్లు మనవాళ్లేనా అని. కావచ్చు, కాకపోవచ్చు. వాళ్లు దేవుణ్ణే నమ్మనివాళ్లు కావచ్చు. పిల్లను తమ ప్రార్థనకు బలవంతంగా తీసుకుపోకూడదన్నది అక్కడి పద్ధతి. ఇది మనకూ వర్తిస్తుంది. రేపు మన సంఘస్థుల ఇంటికి ఒక ముస్లిం పిల్లో, బౌద్ధ కుర్రాడో వస్తే ఆదివారం నాడు అతన్ని ఇంట్లో నిద్రపోనివ్వాలి. అన్నం పెట్టి మతం అడగటం ఆతిథ్యం కాదని నా అభిప్రాయం. కొందరికి నచ్చకపోవచ్చు.

కష్టాలు లేవని నేను చెప్పలేదు. ఇక్కడి చదువు చాలామందికి ఒక ఏడాది వెనకబడుతుంది. ఈఏపీసెట్ కోచింగే లోకమైన మన కృష్ణా జిల్లాలో అది చిన్న మాట కాదు. (జిల్లా 2022లో విడిపోయి మాది ఎన్.టి.ఆర్. జిల్లా అయింది గాని, నోటికి ఇంకా కృష్ణా అనే వస్తుంది.) మొదటి రెండు వారాలు అంతా అద్భుతంగా ఉంటుంది. తరువాత కిందికి జారుతుంది. అన్నం గుర్తుకు వస్తుంది, భాష అలుపు తెప్పిస్తుంది. నార్వే నుంచి అమెరికా వెళ్లి వచ్చిన వారిని పరిశీలించి లిస్‌గార్డ్ అనే ఆయన 1955లోనే ఈ సంగతి రాశాడు. మొదట పైన, మధ్యలో కింద, చివరకు మళ్లీ పైన. ఇంగ్లీషు ‘యు’ అక్షరం లాగా. 1963లో గుల్లాహార్న్ దంపతులు ఇంకో మాట కలిపారు. ఇంటికి తిరిగి వచ్చాక ఆ గుంట మళ్లీ వస్తుంది, కాబట్టి అది ‘యు’ కాదు, ‘డబ్ల్యు’ అని.

ఈ రెండో గుంటకు మనం సిద్ధంగా ఉండం. వెళ్లేటప్పుడు స్టేషనుకు పాతికమంది వస్తారు. తిరిగి వచ్చిన పిల్ల మౌనంగా ఉంటే ‘పొగరెక్కింది’ అంటారు. అక్కడ తన కంచం తానే కడుక్కున్న కుర్రాడు ఇక్కడా కడుక్కుంటే నాయనమ్మ నొచ్చుకుంటుంది. అక్కడ గట్టిగా తన మాట చెప్పటం నేర్చుకున్న అమ్మాయికి ఇక్కడ పెద్దల ముందు నోరు తెరిచే వీలుండదు. చెప్పుకోవటానికి చాలా ఉంటుంది, వినేవాడు మూడు రోజులకే విసుక్కుంటాడు. అందుకే వెళ్లి వచ్చినవారు ఒకరినొకరు వెతుక్కుంటారు. రోటరీలో అటువంటి పూర్వ విద్యార్థుల బృందాలను ‘రోటెక్స్’ అంటారు. కొత్తగా వెళ్లే పిల్లలకు శిక్షణ ఇచ్చేది వాళ్లే, వచ్చిన విదేశీ పిల్లలను ఊరు తిప్పేది వాళ్లే. తమకు ఎవరో జీతం లేకుండా చేసిన పనిని వీళ్లు ఇంకొకరికి చేస్తారు. ఇది అప్పు తీర్చటం కాదు, అప్పును ముందుకు తోయటం. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకుకు అధ్యక్షురాలైన క్రిస్టీన్ లగార్డ్ కూడా 1973లో ఇలాగే ఫ్రాన్సు నుంచి ఏ.ఎఫ్.ఎస్. ద్వారా అమెరికా వెళ్లి ఒక ఏడాది బడిలో చదువుకున్నది. అందరూ అంత పెద్దవాళ్లు కారు. కావలసిన అవసరమూ లేదు.

ఇంతవరకు చెప్పి నేను ఆగాను. చెప్పలేకపోయిన సంగతి ఒకటి మనసులో ఉండిపోయింది. అది ఇక్కడ రాస్తాను.

మా ఊరికి పరాయివాళ్లు కొత్త కాదు. 1979లో థర్మల్ మొదటి యూనిట్ నడవటం మొదలైన దగ్గర నుంచి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు. కొన్నేళ్ల క్రితం ఈశాన్య రాష్ట్రం నుంచి పని మీద వచ్చిన ఒక యువకుడు గది కోసం మా వీధిలో ఇంటింటికీ తిరిగాడు. ఒకరు ఏమిట్లని అడిగారు. ఒకరు ఏం తింటావని అడిగారు. మేడ మీద గది ఖాళీగా ఉండి కూడా నేను, మా అబ్బాయి వస్తాడని చెప్పాను. మా అబ్బాయి ఆ సంవత్సరం రాలేదు. ఆ కుర్రాడు అద్దె ఇస్తానన్నాడు, ఊరకే ఉంటాననలేదు. డబ్బు తీసుకోకుండా పరాయి పిల్లను పెట్టుకునేవాళ్లు ఎవరుంటారని ఆ తల్లి అడిగినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చినవాడు అతనే.

పది రోజుల తరువాత ఆమె మళ్లీ వచ్చింది. దరఖాస్తు మీద తండ్రి సంతకం ఉన్నది. ఎంపిక అవుతుందో లేదో తెలియదు, పరీక్షలూ ఇంటర్వ్యూలూ ఇంకా ఉన్నాయి. అయినా ఆమె అప్పుడే కొండపల్లి వెళ్లి బొమ్మలు చూసి వచ్చింది. ఆ ఇంటి తల్లికి ఎడ్లబండి ఇవ్వాలా, అంబారీ ఏనుగు ఇవ్వాలా అని ఆలోచన. తెల్లపొణికి చెక్క తేలికే గాని విమానంలో కొమ్ము విరుగుతుందేమోనని దిగులు.

“అది సరేగాని అక్కయ్యగారూ, వాళ్ల పిల్ల మనింటికి వస్తానంటే ఎక్కడ పడుకోబెడతాం? మాకున్నవి రెండు గదులేగా?”

“మా మేడ మీద గది ఉన్నదమ్మా,” అన్నాను.