గండం ఆకాశంలో కాదు, నేల దగ్గరే

వేడిగాలి బెలూన్‌కు స్టీరింగ్ ఉండదు. బర్నర్ వెలిగిస్తే లేస్తుంది, లోపలి గాలి చల్లబడితే దిగుతుంది. ఎటు వెళ్లాలన్నది గాలి ఇష్టం. విహారాలకు సూర్యోదయ వేళను ఎంచుకునేది అప్పుడు గాలి నెమ్మదిగా ఉంటుందనే.

ఎత్తు చూసి జనం భయపడతారు కానీ, ఘోర ప్రమాదాలకు కారణమైనవి కరెంటు తీగలు, మంటలు. 2012లో న్యూజిలాండ్‌లోని కార్టర్‌టన్‌లో తీగలు తగిలి 11 మంది, 2016లో అమెరికాలోని టెక్సస్‌లో అలాగే 16 మంది చనిపోయారు. 2013లో ఈజిప్టులోని లక్సర్‌లో దిగే సమయంలో మంటలు చెలరేగి 19 మంది బలయ్యారు. 2025 జూన్‌లో బ్రెజిల్‌లో బుట్టకు నిప్పంటుకుని 8 మంది మరణించారు.

టెక్సస్ ప్రమాదంలో దర్యాప్తు సంస్థ తప్పుబట్టింది పైలట్ నిర్ణయాలనే. మబ్బులు కమ్ముతున్నా అతను బెలూన్‌ను దించలేదు. ప్రయాణికులను ఎక్కించుకునే బెలూన్ పైలట్లకు వైద్య ధ్రువపత్రాన్ని అమెరికా తప్పనిసరి చేసింది 2022లోనే.

బెలూన్ ఉత్సవాలు అరకు దాకా వచ్చాయి. ఎక్కే ముందు పైలట్ లైసెన్స్ గురించి అడగండి, దిగేటప్పుడు ఎలా ఉండాలో తెలుసుకోండి. 'ఇవాళ గాలి బాగాలేదు, ఎగరం' అని నిర్వాహకుడు చెబితే విసుక్కోకండి. నమ్మదగినవాడు అతనే.