పాఠం అందరికీ అందుతోందా?

హాజరు పిలిచినప్పుడు మీ తరగతిలో నలభైమంది "ఉన్నాను సార్" అన్నారనుకోండి. నలభైమందీ గదిలో ఉన్నట్లే. మరి పాఠం కూడా నలభైమందికీ చేరినట్లేనా?

ఆఖరి వరుసలో కూర్చున్న ఒక అబ్బాయిని ఊహించుకోండి. అతని చెవికి వినికిడి యంత్రం ఉంది. మాష్టారు ఒకటి అడిగితే అతను ఇంకొకటి చెబుతాడు. పక్క బెంచీవాళ్లు కిసుక్కుమంటారు. నాలుగుసార్లు ఇలా జరిగితే, ఐదోసారి అతను చెయ్యి ఎత్తడు. ఏడాది తిరిగేసరికి "వాడికి చదువు రాదు" అన్న పేరు స్థిరపడిపోతుంది. నిజానికి అతనికి రానిది చదువు కాదు, మాష్టారి మాట. అది దారిలోనే పోయింది.

వైకల్యం గల పిల్లలను మామూలు బడులలో చదివించడానికి మన కేంద్ర ప్రభుత్వం 1974లోనే ఒక పథకం ప్రారంభించింది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చట్టం నిర్ణయించిన మేరకు వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలు తమ ఇంటికి దగ్గరలోని బడిలోగాని, కోరుకుంటే ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితంగా చదువుకోవచ్చునని చెప్పింది. చట్టం బడి తలుపు తెరిచిందన్నమాట. లోపలికి వచ్చినవారికి పాఠం అందేలా చూడడం మాత్రం తరగతి పని. అందులో మీరు చదువుకునే భౌతికశాస్త్రం ఎంత ఉందో చూద్దాం, రండి.

ధ్వని చేసే ప్రయాణం

మాష్టారి గొంతు నుంచి బయలుదేరిన ధ్వని అన్ని వైపులకూ పరుచుకుంటూ పోతుంది. ఆరుబయట అయితే దూరం రెట్టింపు అయినప్పుడల్లా ధ్వని తీవ్రత నాలుగోవంతుకు పడిపోతుంది. దీనినే 6 డెసిబెల్‌లు తగ్గడం అంటారు. ఒక మీటరు దూరంలో 60 డెసిబెల్‌లున్న మాట రెండు మీటర్ల దగ్గర 54, నాలుగు మీటర్ల దగ్గర 48, ఎనిమిది మీటర్ల దగ్గర 42 అవుతుంది.

గదిలో ఇంతగా తగ్గదు. గోడలు, నేల, పైకప్పు ధ్వనిని వెనక్కి కొడతాయి. అయితే ఇందులో ఒక చిక్కుంది. వెనక్కి వచ్చిన ధ్వని కాస్త ఆలస్యంగా వస్తుంది. అప్పటికి మాష్టారు తరువాతి మాటలో ఉంటారు. ఒక మాట తోక ఇంకో మాట తలమీద పడుతుంది! ఖాళీ గదిలో ఒక్కసారి చప్పట్లు కొట్టి వినండి. ఆ మోత ఎంతసేపు నిలుస్తుందో తెలుస్తుంది. సిమెంటు నేల, రేకుల కప్పు ఉన్న గదులలో ఇది మరీ ఎక్కువ.

దీనికితోడు ఫ్యాను హోరు, బెంచీ జరిపిన చప్పుడు, పక్క తరగతిలో ఎక్కాల వల్లింపు. వినికిడి యంత్రంలోని మైకు వీటన్నిటినీ అందుకుంటుంది, వీటన్నిటినీ పెంచుతుంది. ఈనాటి యంత్రాలు రొదను కొంత తగ్గించగలవు గాని, మాటను పూర్తిగా విడదీసి ఇవ్వలేవు. అందుకే మాట్లాడేవారు ఒకటి రెండు మీటర్ల లోపల ఉన్నప్పుడే ఆ యంత్రం బాగా ఉపయోగపడుతుంది. "మిషన్ పెట్టుకున్నాడుగా, ఎక్కడ కూర్చుంటేనేం?" అనడం ఎంత పొరపాటో ఇప్పుడు తెలిసింది కదూ!

పాట, బాట, మాట

ఒక చిన్న ప్రయోగం చేయండి. అద్దం ముందు నిలబడి గొంతు పైకి రాకుండా "పాట, బాట, మాట" అనండి. పెదవులను జాగ్రత్తగా గమనించండి. మూడు మాటలకూ పెదవులు ఒకే విధంగా కదులుతాయి! ప, బ, మ అనే మూడు అక్షరాలనూ రెండు పెదవులూ కలిపి మూసే పలుకుతాం మరి. ఇప్పుడు "కాలు, గాలి" అనండి. క, గ అక్షరాలు నోటిలో వెనుకవైపు పుడతాయి. అందుచేత అవి పైకి దాదాపు కనిపించవు.

వినికిడి తక్కువైన పిల్లలు చాలామంది విన్న కొంచెం ధ్వనికి పెదవుల కదలికను జోడించి మాటను పోల్చుకుంటారు. మిగిలిన ఖాళీని సందర్భాన్నిబట్టి పూరించుకుంటారు. ఇది నిమిషం నిమిషానికీ పొడుపుకథ విప్పడం వంటి పని! మాష్టారు నల్లబల్లవైపు తిరిగి మాట్లాడితే పెదవులు మాయం. కిటికీకి వీపు పెట్టి నిలబడితే ముఖం చీకటి. పాఠం పేరు, కొత్త మాటలు ముందే బల్లమీద రాసి ఉంటే సందర్భం తెలిసి, సగం పొడుపు విడిపోతుంది.

ఇంకొక ప్రయోగం. ఆఖరి బెంచీలో కూర్చుని వేళ్లతో చెవులు మూసుకోండి. ఫ్యాను తిరగనివ్వండి. మీ స్నేహితుడు బల్లవైపు తిరిగి పది మాటలు చెప్పాలి. వినిపించినదాన్ని మీరు పైకి అనాలి. తరువాత మీవైపు తిరిగి వేరే పది మాటలు చెప్పాలి. ఆ తరువాత రెండు మీటర్ల దూరంలో నిలబడి ఇంకో పది. మూడుసార్లు వచ్చిన మార్కులనూ పోల్చండి. ఒక్క విషయం మరువకండి: చెవులు మూసుకున్నంత మాత్రాన వినికిడి లేనివారి జీవితం మనకు తెలిసిపోదు. ఈ ప్రయోగం కొలిచేది వారిని కాదు, మన గదిని.

అసలే వినపడని పిల్లలకు ఇవేవీ చాలవు. వారికి సంజ్ఞా భాష కావాలి. అది అభినయం కాదు, సొంత వ్యాకరణం ఉన్న భాష. అది వచ్చిన ఉపాధ్యాయులు, తోటి పిల్లలు ఉన్నచోటే వారికి చదువు అందుతుంది.

ఆరు చుక్కలు

ఇక చూపు సంగతి. నల్లబల్లకు సగం దూరానికి జరిగితే అక్షరం కంటికి రెట్టింపు పెద్దదిగా కనిపిస్తుంది. కొద్దిగా చూపు ఉన్న పిల్లలకు పైసా ఖర్చులేని వైద్యం ఇది. బొత్తిగా చూపు లేనివారికో? వారికి లిపి ఉంది.

ఫ్రాన్సు దేశంలో 1809లో పుట్టిన లూయీ బ్రెయిలీ, తండ్రి తోలుపని చేసే చోట మూడేళ్ల వయసులో కంటికి గాయమై చూపు పోగొట్టుకున్నాడు. పారిస్‌లోని అంధుల బడిలో చదివాడు. అప్పటికి బార్బియే అనే ఆయన పన్నెండు చుక్కల లిపి ఒకటి తయారుచేశాడు. అన్ని చుక్కలు ఒక్క వేలికొన కిందికి రావు. బ్రెయిలీ వాటిని ఆరుకు తగ్గించాడు. అప్పటికి అతని వయసెంతో తెలుసా? 15 ఏళ్లు! ఆరు చుక్కలలో ఒక్కొక్కటి ఉండవచ్చు, లేకపోవచ్చు. కాబట్టి 2ను ఆరుసార్లు గుణిస్తే 64 అమరికలు. ఖాళీ గడిని తీసివేస్తే 63 గుర్తులు.

1951లో మన దేశంలోని భాషలకు భారతీ బ్రెయిలీ ఏర్పడింది. గడిలో ఎడమ వరుసకు పైనుంచి 1, 2, 3. కుడి వరుసకు 4, 5, 6 అని అంకెలు వేయండి. క అంటే 1, 3 చుక్కలు. మ అంటే 1, 3, 4. ల అంటే 1, 2, 3. వరుసగా రాస్తే "కమల"! దళసరి కాగితాన్ని గుడ్డమీద పెట్టి పిన్నుతో గుచ్చి చూడండి. కాగితం తిప్పి చదవాలి గనుక, గుచ్చేటప్పుడు కుడినుంచి ఎడమకు, తలకిందులు కాకుండా అద్దంలో బొమ్మలా గుచ్చాలి.

చేతిలో బ్రెయిలీ పుస్తకం ఉన్నా, బల్లమీద "ఇది ఇక్కడ పెట్టి, దీన్ని ఇటు కలిపితే..." అని చెబితే చూపులేని విద్యార్థికి ఏం తెలుస్తుంది? "బి నుంచి సి వరకు 5 సెంటీమీటర్ల రేఖ" అంటే చాలు, బొమ్మ అతని మనసులో గీసుకుంటుంది. రాసేదాన్ని పైకి చదువుతూ రాస్తే, తెలివి ఉండీ అక్షరాలు చదవడానికి ఇబ్బందిపడే పిల్లలకూ మేలే.

ఒకటికి పన్నెండు

తరగతికి ముందు మూడు మెట్లున్నాయి. ఒక్కొక్కటి 15 సెంటీమీటర్లు, మొత్తం 45. మీరు రెండు అంగల్లో ఎక్కేస్తారు. చక్రాల కుర్చీకి అది గోడ! వాలుబాట కడితే ఎంత పొడవుండాలి? ఎత్తుకు కనీసం పన్నెండు రెట్లు ఉండాలన్నది సాధారణంగా పాటించే లెక్క. అంటే 5 మీటర్ల 40 సెంటీమీటర్లు.

ఎందుకంత? కుర్చీ, మనిషి కలిపి 60 కిలోలనుకుందాం. ఒకటికి పన్నెండు వాలులో, రాపిడిని లెక్కించకపోతే, దాదాపు 5 కిలోల బరువుకు సమానమైన బలంతో తోస్తే చాలు. స్థలం లేదని ఒకటికి నాలుగు వాలు కట్టారా, దాదాపు 15 కిలోలు! ఎక్కడం కష్టం, దిగడం ప్రమాదం. అలాంటి బాట ఉన్నా లేనట్లే.

మీరేం చేయగలరు?

ముందుగా అడగండి. "ఎక్కడ కూర్చుంటే నీకు బాగుంటుంది?" అన్న ప్రశ్నకు జవాబు అతనికే బాగా తెలుసు. చూపులేని స్నేహితుని చెయ్యి పట్టి లాగకండి. అతను కోరితే మీ మోచెయ్యి అందించండి, పట్టుకుని మీ వెంట నడుస్తాడు. బెంచీ కాళ్లకు పాత సైకిలు ట్యూబు ముక్కలు తొడగండి, కీచుమనడం తగ్గుతుంది. తరగతిలో జవాబు చెప్పేటప్పుడు మీ ముఖం అందరికీ కనిపించేలా తిరగండి.

రేపు బడికి ఒక టేపు తీసుకువెళ్లండి. బల్ల నుంచి ఆఖరి బెంచీకి దూరమెంత? మెట్ల ఎత్తెంత? వాలుబాట ఉంటే దాని పొడవెంత? కాగితంమీద రాసి మీ ప్రధానోపాధ్యాయునికి చూపించండి. ఆఖరి వరుసలోని ఆ అబ్బాయి ముందుకు జరిగి, మళ్లీ చెయ్యి ఎత్తడానికి ఆ కాగితం చాలవచ్చు.