తడిసిన గేమ్ కన్సోల్ ఎందుకు చచ్చిపోతుంది?

నింటెండో స్విచ్ కన్సోల్ మీద టీ ఒలికిందనుకోండి. ఎవరైనా ముందు చేసేది పవర్ బటన్ ఒకసారి నొక్కడం. తెర నల్లబడుతుంది, ఆగిపోయిందని ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి అది ఆగలేదు, స్లీప్ మోడ్‌లోకి వెళ్లింది, అంతే. లోపల మెమరీకి, మరికొన్ని చిప్‌లకు బ్యాటరీ నుంచి కరెంటు అందుతూనే ఉంటుంది. అసలు నష్టం మొదలయ్యేది అప్పుడే.

స్వచ్ఛమైన నీరు ఒక్కటే సర్క్యూట్ బోర్డును ఏమంత పాడు చేయదు. ఫ్యాక్టరీల్లో కొన్ని రకాల బోర్డులను శుద్ధి చేసిన నీటితోనే కడుగుతారు. నీరు, అందులో కరిగిన లవణాలు, వోల్టేజీ, ఈ మూడూ ఒకచోట కలిస్తేనే ముప్పు. స్విచ్ బ్యాటరీ ఇచ్చేది 3.7 వోల్టులు. మన చేతికి ఆ కరెంటు తెలియను కూడా తెలియదు. కానీ నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోవడానికి సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు. బోర్డు మీద పక్కపక్కనే ఉన్న రెండు రాగి దారుల మధ్య బొట్టు నిలిచిందంటే, పాజిటివ్ వైపు రాగి కరిగి అయాన్లుగా నీటిలో కలుస్తుంది. అవి నెగటివ్ వైపుకు చేరి మళ్లీ లోహంగా పేరుకుంటాయి. అలా పేరుకున్న లోహం చెట్టు కొమ్మల్లా చీలుతూ ఎదురు దారి వైపు పెరుగుతుంది. వీటినే డెండ్రైట్లు అంటారు. దారుల మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొద్ది భాగమే కాబట్టి నిమిషాల్లోనే అవతలికి తాకి షార్ట్ కావచ్చు. విప్పి చూసినప్పుడు కనిపించే పచ్చటి పొడి ఆ రాగి లవణాలే.

ఈ విషయంలో పాతవే నయం. 1989 నాటి గేమ్ బాయ్‌లో వెనక మూత తీసి నాలుగు పెన్సిల్ సెల్స్ లాగేస్తే కరెంటు పోయినట్టే. 2017లో వచ్చిన స్విచ్‌లో బ్యాటరీని చేరాలంటే Y ఆకారపు గాడి ఉన్న (ట్రై-వింగ్) స్క్రూలు విప్పాలి, వెనక మూత తీయాలి, దాని కింది లోహపు రేకునూ తీయాలి. పైగా ఫ్యాన్ కోసం పెట్టిన గాలి రంధ్రాలు నీటికీ దారి ఇస్తాయి.

అందుకే పవర్ బటన్‌ను కనీసం 12 సెకన్లు నొక్కి పట్టుకుని పూర్తిగా ఆపాలి. ఛార్జర్, పక్కలకు ఉండే కంట్రోలర్లు (జాయ్‌కాన్లు), గేమ్ కార్డు తీసేయాలి. పనిచేస్తోందో లేదో చూద్దామని మళ్లీ ఆన్ చేయడం మాత్రం వద్దు. వీలైనంత త్వరగా విప్పించి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయించాలి. మొబైల్ రిపేరు షాపులో ఉండే మైక్రోస్కోపు, బ్రష్షులే దీనికీ పనికొస్తాయి. ఆ ట్రై-వింగ్ స్క్రూడ్రైవర్ ఉందో లేదో అడిగి వెళ్తే చాలు.

తడిసిన పరికరాన్ని బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు సంగతి చెప్పక తప్పదు. చిప్ కింద సన్నటి సందులో ఇరుక్కున్న నీటిని డబ్బాలోని బియ్యం లాగలేవు. వాటి నూక, పిండి మాత్రం పోర్టుల్లోకి చేరతాయి. ఐఫోన్‌ను బియ్యంలో పెట్టొద్దని ఆపిల్ సంస్థే చెప్పింది. ఒకవేళ పూర్తిగా ఆరినా లవణాలు, టీలోని పంచదార అక్కడే ఉండిపోతాయి. ముసురు పట్టిన రోజున అవి గాలిలోని తేమను పీల్చుకుంటే తుప్పు మళ్లీ మొదలవుతుంది. బాగైందనుకున్న కన్సోల్ కొన్ని నెలలకు మూలపడేది ఇందుకే.

కాబట్టి ఆరబెట్టడం కంటే కడగడం ముఖ్యం. బ్యాటరీ, తెర వేరుచేశాక బోర్డును ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. ఉప్పు, పంచదార దానిలోనే బాగా కరుగుతాయి, ఆల్కహాల్‌లో అంతగా కరగవు. తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్. ఈ ఆల్కహాల్ తలతన్యత నీటి తలతన్యతలో దాదాపు మూడో వంతే. అందుకే చిప్‌ల కిందికి సులువుగా పాకి, మిగిలిన నీటిని తనలో కలుపుకుని త్వరగా ఆవిరైపోతుంది. శానిటైజర్ దీనికి బదులు కాదు, అందులో నీరూ జిగురూ ఉంటాయి. హెయిర్ డ్రయ్యర్ గాలి నీటిని మరింత లోపలికి తోస్తుంది. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే దాన్ని వాడకూడదు, గుచ్చకూడదు.

ఇంత శ్రమ దేనికి, కొత్తది కొంటే పోలేదా అనొచ్చు. కానీ స్విచ్‌లో ఆట ఎక్కడిదాకా వచ్చిందన్న సేవ్ డేటా గేమ్ కార్డులోనో, మైక్రోఎస్‌డీలోనో ఉండదు. లోపలి మెమరీలోనే, ఆ ఒక్క కన్సోల్‌కే సొంతమైన ఎన్‌క్రిప్షన్ తాళంతో ఉంటుంది. క్లౌడ్ బ్యాకప్ లేకపోతే ఆ మెమరీని ఊడదీసి వేరే స్విచ్‌కు తగిలించినా తెరుచుకోదు. బోర్డు బతికితేనే నెలల తరబడి ఆడిన ఆట బతుకుతుంది. అందుకని శుభ్రం చేశాక తెర వెలిగితే ఆట మొదలుపెట్టకుండా, ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి సేవ్ డేటాను మరో స్విచ్‌కో, చందా ఉంటే క్లౌడ్‌లోకో పంపేయండి.