హిట్లర్ ఎవరినీ వదిలిపెట్టలేదు

గాజాలో బాంబులు పడ్డ ప్రతిసారీ మన ఫోన్లలోకి ఒక బొమ్మ వస్తుంది. హిట్లర్ ఫొటో, పక్కన తెలుగులో నాలుగు లైన్లు. యూదులందరినీ చంపగలిగి కూడా కొందరిని కావాలనే వదిలేశాననీ, తానెందుకు చంపాడో తర్వాతి తరాలకు అర్థం కావాలనే అలా చేశాననీ ఆయన చెప్పినట్టు అందులో ఉంటుంది. గాజా యుద్ధం వచ్చినప్పుడల్లా ఇది తిరుగుతూనే ఉంది. 2023 అక్టోబరు తర్వాత ఇక ఆగలేదు. ఇటు కొత్తపట్నం నుంచి అటు చిలకలూరిపేట దాకా దీన్ని చూడని ఫోను తక్కువ. గుంటూరు మిర్చి యార్డులో తేజ రకం ఎంత పలికిందో చెప్పుకోవడానికి పెట్టుకున్న రైతుల గ్రూపుల్లో కూడా పడుతోంది. పంపేవాళ్లు దుర్మార్గులేమీ కారు. చచ్చిన పిల్లల ఫొటోలు చూసి కడుపు రగిలినవాళ్లు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. ఆ కోపానికి వాళ్లు ఎంచుకున్న మాట మాత్రం పచ్చి అబద్ధం, పైగా విషం.

హిట్లర్ ప్రసంగాలు, రాతలు, భోజనాల దగ్గర సన్నిహితులతో ఆడిన మాటలు సైతం పుస్తకాలుగా అచ్చయ్యాయి. ఈ వాక్యం వాటిలో ఎక్కడా లేదు. ఉండే వీలు కూడా లేదు, ఎందుకంటే జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. 1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలోని వాన్సీలో పదిహేనుమంది నాజీ అధికారులు కూర్చుని ఒక జాబితా ముందు పెట్టుకున్నారు. ఐరోపాలో ఏ దేశంలో ఎంతమంది యూదులున్నారో అందులో రాసి ఉంది. మొత్తం కోటీ పది లక్షలు. జర్మనీకి అసలు లొంగని ఇంగ్లండు, స్వీడన్, స్విట్జర్లండు యూదులు కూడా ఆ లెక్కలో ఉన్నారు. ఐర్లండులో ఉన్న నాలుగు వేలమందిని కూడా మరిచిపోలేదు. కొందరిని వదిలేద్దామనుకున్నవాడు చేతికి చిక్కని దేశాల్లో తలలు లెక్కపెట్టుకుంటాడా?

1944 నాటికి యుద్ధంలో ఓడిపోతున్నామని జర్మన్లకు తెలుసు. సైన్యాన్ని తరలించడానికి రైళ్లు చాలడం లేదు. అయినా ఆ ఏడు మే నుంచి జులై లోపు ఎనిమిది వారాల్లో హంగేరీ నుంచి నాలుగు లక్షల ముప్ఫై వేలమందికి పైగా యూదులను రైళ్లెక్కించారు. ఎక్కువమందిని మరణశిబిరమైన ఆష్విట్జ్‌కు పంపారు, వచ్చినవాళ్లలో చాలామందిని దిగిన రోజే చంపేశారు. 1945 జనవరిలో సోవియట్ సైన్యం దగ్గరపడుతుంటే, ఆ శిబిరం నుంచి దాదాపు అరవై వేలమంది ఖైదీలను మంచులో నడిపించుకుంటూ తీసుకుపోయారు, ఒక్కరూ విడుదల కాకూడదని. జనవరి 27న సోవియట్ సైనికులు గేట్లు తెరిచేసరికి లోపల మిగిలింది సుమారు ఏడు వేలమంది, నడవలేని రోగులే ఎక్కువ. ఐరోపాలో బతికి బయటపడ్డ యూదుల్లో చాలామంది మిత్రరాజ్యాల సైన్యాలు సమయానికి వచ్చినందువల్లో, ఇరుగుపొరుగు అటకల మీద దాచినందువల్లో, ముందే దేశం దాటినందువల్లో బతికారు. హిట్లర్ దయ వల్ల కాదు. ఆత్మహత్యకు ముందు రోజు, 1945 ఏప్రిల్ 29న రాయించిన రాజకీయ వీలునామాలో కూడా యూదుల మీద పోరాటం ఆపొద్దని వారసులకు చెప్పిపోయాడు. చంపింది అరవై లక్షలమందిని. ఐరోపా యూదుల్లో ప్రతి ముగ్గురిలో ఇద్దరిని.

ఇజ్రాయెల్ అనే రాజ్యం ఏర్పడింది 1948 మే 14న. అప్పటికి హిట్లర్ చచ్చి మూడేళ్లు. ఆయన చంపించిన వార్సా దర్జీకి, సలోనికా రేవు కూలీకి, ఆమ్‌స్టర్‌డామ్ బడిపిల్లకు గాజాతో ఏం సంబంధం? ఆ అరవై లక్షల్లో పది లక్షలకు పైగా చిన్నపిల్లలు. గాజా పసిపిల్లల కోసం ఏడుస్తున్నామంటూ అంతమంది పసిపిల్లల హంతకుణ్ణి ముందుచూపున్న మనిషిగా నిలబెట్టడం ఏ న్యాయం? హిట్లర్‌ను మనవాడనుకునేవాళ్లకు ఇంకొకటి కూడా చెప్పాలి. భారతదేశం మరొకరి చేతికి పోవడం కన్నా ఇంగ్లీషువాళ్ల కింద ఉండడమే తనకిష్టమని ఆయన తన పుస్తకంలోనే రాసుకున్నాడు.

ఒక్క మెసేజీకి ఇంత రాద్ధాంతం ఎందుకంటారా? 2025 డిసెంబరు 14న సిడ్నీలోని బాండై బీచ్‌లో యూదులు హనుకా పండుగ చేసుకుంటుంటే తండ్రీకొడుకులిద్దరు తుపాకులతో వచ్చి పదిహేనుమందిని చంపారు. చనిపోయినవాళ్లలో పదేళ్ల పాప ఉంది. నాజీల కాలాన్ని దాటి బతికిన 87 ఏళ్ల పెద్దాయన ఉన్నాడు. మన మెసేజీలో ‘వదిలేసిన’ మనుషులంటే ఇలాంటివాళ్లే. కాల్చినవాళ్లలో తండ్రిది హైదరాబాద్. అక్కడే బీకాం చదివి 1998లో ఆస్ట్రేలియా వెళ్లాడు. ఇక్కడ ఉన్నన్నాళ్లు అతడి మీద ఏ కేసూ లేదనీ, అతడు తీవ్రవాదం వైపు మళ్లడానికి తెలంగాణతో సంబంధం కనబడలేదనీ తెలంగాణ పోలీసులు చెప్పారు. వాళ్ల కారులో ఐసిస్ జెండాలు దొరికాయి. మన వాట్సాప్ బొమ్మ వాళ్ల చేతికి తుపాకి ఇచ్చిందని నేననడం లేదు. కానీ ఎక్కడో ఉన్న ప్రభుత్వం చేసినదానికి ఇక్కడ దొరికిన యూదుడు బాకీ ఉన్నాడనే ఆలోచన ఒక్కటే. ఫోన్లో అది మాటగా ఉంటుంది, బాండైలో శవాలయింది.

అంతకుముందు కూడా అంతే. 2025 మే 21న వాషింగ్టన్‌లో యూదు మ్యూజియం బయట ఇజ్రాయెల్ రాయబార కార్యాలయ ఉద్యోగులిద్దరిని కాల్చి చంపినవాడు, జూన్ 1న కొలరాడోలోని బౌల్డర్‌లో హమాస్ పట్టుకుపోయిన బందీల విడుదల కోరుతూ నడుస్తున్నవాళ్ల మీద పెట్రోలు బాంబులు విసిరినవాడు, ఇద్దరూ పాలస్తీనాకు స్వేచ్ఛ కావాలనే అరిచారు. ఆ కాలిన గాయాలతో 82 ఏళ్ల ఆవిడ తర్వాత చనిపోయింది. అక్టోబరు 2న మాంచెస్టర్‌లో యూదుల అతి పవిత్రమైన ఉపవాస దినాన ప్రార్థనా మందిరం మీద దాడిలో ఇద్దరు పోయారు. ఈ చావుల్లో ఒక్కదానివల్ల గాజాలో ఒక్క పిల్లవాడికి రొట్టె ముక్క అందిందా?

బాండై ఘటన తర్వాత మనవైపు ఇంకో మాట మొదలైంది: కాల్చింది హైదరాబాదీ కాబట్టి ఇక్కడి ముస్లింలందరినీ అనుమానించాలని. ఇది కూడా అదే రోగం, మనుషులు మారారంతే. ఆ సాయంత్రం ప్రాణానికి తెగించి ఒక హంతకుడి చేతిలోంచి తుపాకి లాక్కున్నది సిరియాలో పుట్టిన దుకాణదారు అహ్మద్ అల్ అహ్మద్, ముస్లిం. ఆ సంగతి మింగుడుపడనివాళ్లు అప్పటికప్పుడు ఎడ్వర్డ్ క్రాబ్‌ట్రీ అనే లేని మనిషిని పుట్టించి, కాపాడింది అతడేనని దొంగ వార్త వదిలారు. హంతకుల్లో కొడుకు పేరే ఉన్న పాపానికి సిడ్నీలోని ఒక పాకిస్తానీ యువకుడి ఫొటో లోకమంతా తిప్పితే, నన్ను వదిలేయండని అతను వీడియోలో మొరపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ దాడిలో గాయపడిన ఒక లాయరు ముఖానికి రక్తం రంగు పూస్తున్నట్టు కంప్యూటర్‌తో బొమ్మ తయారుచేసి, దాడి అంతా నాటకమన్నవాళ్లూ ఉన్నారు.

యూదులంటే ఎక్కడో దూరాన ఉండేవాళ్లని ఇక్కడ చాలామంది అనుకుంటారు. చీరాల, బాపట్ల, పొన్నూరు దాటి చేబ్రోలు వైపు వెళ్లండి, కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారు. బెనే ఎఫ్రాయిమ్ అంటారు. మాదిగ కుటుంబాలు. ఒకప్పుడు బాప్టిస్టు క్రైస్తవులు. తమది ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రమని నమ్మి, 1991లో ఊళ్లో సినగాగ్ కట్టుకున్నారు. ఎక్కువమంది పొలం కూలీలు. శనివారం విశ్రాంతి పాటిస్తారు, తెలుగే మాట్లాడతారు. వీళ్ల మీద 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ ఒక పరిశోధన పుస్తకం కూడా వేసింది. మణిపూర్, మిజోరంలలోని బెనే మెనాషే సమూహాన్ని ఇజ్రాయెల్ మతపెద్దలు 2005లో గుర్తించారు, వీళ్లను ఇంతవరకూ గుర్తించలేదు. ఇజ్రాయెల్ పాస్‌పోర్టు వీళ్లకు దక్కదు. ద్వేషించేవాడు మాత్రం ఏ పత్రమూ అడగకుండానే వీళ్లను యూదులుగా గుర్తిస్తాడు. ఈ కుటుంబాల మీద దాడికి లష్కరే తోయిబా పన్నాగం పన్నిందని 2004లోనే వార్తలు వచ్చాయి. అది ఉత్త బెదిరింపు కాదని 2008 నవంబరులో ముంబయిలోని యూదు కేంద్రం నారిమన్ హౌస్‌లో రబ్బీనీ ఆయన భార్యనూ చంపినప్పుడు తెలిసింది. ఆ దాడి చేసి చచ్చినవాళ్లను తమ శ్మశానంలో పూడ్చనివ్వబోమని ముంబయి ముస్లిం పెద్దలే తెగేసి చెప్పారు.

ఇజ్రాయెల్‌లో నెతన్యాహు ప్రభుత్వం చేసినదానికి కొత్తరెడ్డిపాలెం కూలీ జవాబుదారీ ఎలా అవుతాడు? ప్రపంచంలో యూదులు సుమారు కోటిన్నర. వాళ్లలో సగానికి పైగా ఇజ్రాయెల్ బయటే ఉన్నారు. ఇజ్రాయెల్ పౌరుల్లో ఐదోవంతు అరబ్బులు. 2023 అక్టోబరు 18న యుద్ధం ఆపమంటూ అమెరికా కాంగ్రెస్ కార్యాలయ భవనంలో బైఠాయించి అరెస్టయిన వందలమందిలో ఎక్కువమంది యూదులే.

ఒక విషయం మాత్రం, ఇష్టమున్నా లేకున్నా, ఒప్పుకోవాలి. ఇజ్రాయెల్‌ను విమర్శిస్తే చాలు యూదు ద్వేషి అని ముద్ర వేస్తారన్న మాటను అపోహ అని పూర్తిగా కొట్టేయలేం. 2025 మార్చిలో టఫ్ట్స్ యూనివర్సిటీలో చదువుతున్న టర్కీ అమ్మాయిని ముసుగులేసుకున్న అధికారులు నడివీధిలో పట్టుకుపోయి ఆరు వారాలకు పైగా నిర్బంధంలో ఉంచారు. విద్యార్థుల పత్రికలో తోటివాళ్లతో కలిసి ఒక వ్యాసం రాయడం తప్ప ఆమె మీద చూపించగలిగింది ఏమీ లేదు. దాడులు కూడా ఒకవైపే జరగలేదు. 2024 ఏప్రిల్ 30 రాత్రి కాలిఫోర్నియా యూనివర్సిటీ లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌లో దెబ్బలు తిన్నది పాలస్తీనా మద్దతుదారుల శిబిరం. 2023 అక్టోబరులో షికాగో దగ్గర కత్తిపోట్లకు బలైంది ఆరేళ్ల పాలస్తీనా పిల్లవాడు. ఇవన్నీ నిజాలే. కానీ దొంగ కేసులు ఉన్నాయని అసలు నేరం లేదనలేం. కార్నెల్‌లో యూదు విద్యార్థులను చంపుతానని రాసిన కుర్రాడికి 21 నెలల జైలు పడింది, అది ఎవరూ కల్పించింది కాదు.

వీడియోల సంగతి ఇంకా ఘోరం. 2024 నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్ ఫుట్‌బాల్ మ్యాచి రాత్రి, ఇజ్రాయెల్ అభిమానులను కొడుతున్నారంటూ పెద్ద పెద్ద చానళ్లు వేసిన దృశ్యంలో కొడుతున్నవాళ్లు ఇజ్రాయెల్ క్లబ్బు అభిమానులే. తీసిన ఫొటోగ్రాఫరే మొత్తుకుంటే తర్వాత సరిదిద్దుకున్నారు. అదే రాత్రి యూదుల వేటకు రమ్మని ఫోన్లలో పిలుపులు నడిచి, అభిమానులను వెంటాడి కొట్టిందీ నిజమే. ఏదో ఒక్క వీడియో చూసి తీర్పు చెప్పేవాడు రెండింట్లో ఒక నిజాన్ని పారేస్తున్నాడు.

మిగతా పుకార్లకు ఇంత చోటు అక్కర్లేదు. లోకాన్ని యూదులే రహస్యంగా ఏలుతున్నారని యూట్యూబులో చెప్పేదంతా 1903లో రష్యాలో అచ్చయిన దొంగ పత్రంలోదే. వేరే పుస్తకంలోంచి కాజేశారని లండన్ టైమ్స్ 1921లోనే రుజువు చేసింది. యేసును చంపిన పాపం యూదు జాతిదని మన పల్లెల్లో ఇంకా అనేవాళ్లున్నారు; సిలువ వేసింది రోమన్ సైనికులు, ఆ నిందను జాతి మొత్తానికి అంటగట్టడం తప్పని కాథలిక్ చర్చి 1965లోనే ప్రకటించింది. మిరప చేలకు డ్రిప్పు నేర్పిన ఇజ్రాయెల్‌ను ఏమీ అనకూడదట. సాగు పరిజ్ఞానం వేరు, యుద్ధం వేరు. పాలస్తీనా వైపు మాట్లాడితే దేశద్రోహమట. పాలస్తీనాను 1988లోనే రాజ్యంగా గుర్తించింది భారత ప్రభుత్వం, ఇజ్రాయెల్‌తో పూర్తి సంబంధాలు పెట్టుకున్నది 1992లో.

పిల్లలు అమెరికాలో చదువుతున్నవాళ్లూ, వీసాకు కూర్చున్నవాళ్లూ ఒకటి గుర్తుంచుకోండి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కావాలంటే సోషల్ మీడియా ఖాతాలు అధికారులకు కనిపించేలా తెరిచి ఉంచాలి. బాబాయి సరదాగా పంపాడని హిట్లర్ బొమ్మ షేర్ చేసిన కుర్రాడికి అది సరదా అని చెప్పుకునే అవకాశం ఉండదు. వీసా భయం లేనివాళ్లు కూడా దాన్ని పంపకూడదు, అది అబద్ధం కాబట్టి.

గాజా కోసం ర్యాలీ తీయడం మానమని నేను చెప్పను. 1937 వేసవిలో కొత్తపట్నంలో పెట్టిన రాజకీయ పాఠశాలను ప్రభుత్వం నిషేధించి లాఠీలతో చెదరగొట్టింది. నిరసన హక్కు విలువ ఈ తీరానికి ఒకరు చెప్పనక్కర్లేదు. గాజాలో డెబ్బై వేలమందికి పైగా చనిపోయారని అక్కడి ఆరోగ్యశాఖ చెబుతోంది. హమాస్ 2023 అక్టోబరు 7న దాదాపు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా పట్టుకుపోయింది. రెండూ నోరు విప్పి చెప్పండి. ప్లకార్డు మీద నెతన్యాహు పేరు రాయండి, ఆయన మీద 2024 నవంబరు 21న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అరెస్టు వారంటు ఇచ్చిందని రాయండి. యూదులు అని మాత్రం రాయకండి. గుంపులో ఎవరైనా ఆ నినాదం ఎత్తుకుంటే నిర్వాహకులే మైకు లాక్కోవాలి. విదేశాల్లో ఉన్న మన పిల్లలకు కూడా చెప్పండి: నిరసన తెలపాలనుకుంటే రాయబార కార్యాలయం ముందు నిలబడాలి, సినగాగ్ ముందు కాదు.